ఇగిరిన నీటి లెక్క



మా ఊరు అనకాపల్లికి దగ్గర్లోనే. సంక్రాంతి రోజుల్లో ఆ చుట్టుపక్కల ఏ గట్టు మీద నడిచినా చెరకు రసం మరుగుతున్న వాసన ముక్కుకి తగిలేది. గానుగ పక్కన పాక, పాకలో పెద్ద ఇనప పెనం, కింద రాత్రనక పగలనక మండే పొయ్యి. ఆ పొయ్యి నోట్లోకి ఎండిన పిప్పి ఎగదోస్తూ ఒక మనిషి. చిన్నప్పుడు వేడి బెల్లం ముద్ద కోసం ఆ పెనం దగ్గర గంటలకొద్దీ కూర్చునేవాణ్ణి. రసం పోసిన అరగంటలోపే పొంగు వచ్చేది. పైకి తేలిన మడ్డి తీసేవారు. రసం గలగలా మరిగేది. ఇంకేముంది, బెల్లం వచ్చేసిందనుకునేవాణ్ణి. కానీ అక్కడినుంచి రెండున్నర గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కాచుకోవాల్సి వచ్చేది. పిప్పి కుప్ప కరిగిపోయేది కానీ పాకం రాదు. విసుగొచ్చి అడిగితే మా తాత, "మరిగితే ఏటవుతాదిరా, ఇగరాల గదా!" అనేవాడు.

ఆ మాటలోని భౌతికశాస్త్రం నాకు కాలేజీలో చదువుకున్నాక గానీ బోధపడలేదు. తర్వాత ముప్పై ఏళ్లు పిల్లలకు అదే పాఠం చెప్పాను. ఇవాళ మీకు చెప్పబోయేదీ అదే. ఒక పదార్థం మంచు నుంచి నీరుగా, నీటి నుంచి ఆవిరిగా మారేటప్పుడు ఎంత వేడి ఖర్చవుతుంది, ఆ ఖర్చుని లెక్కకట్టడం ఎలా అన్నది. దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. లేకపోయినా పరవాలేదు, అంకెలు నెమ్మదిగానే చెబుతాను.

మన భాషలో 'ఇగరడం' అనే మాట ఉంది. నీరు వేడికి ఆవిరై తగ్గిపోవడాన్ని ఇగరడం అంటాం. నీళ్లు పూర్తిగా ఇగిరేదాకా మగ్గబెట్టిన కూర ఇగురు. పులుసు త్వరగా దించేయవచ్చు, ఇగురుకి మాత్రం పొయ్యి దగ్గర నిలబడాలి. ఈ తేడా మన వంటిళ్లకు ఎప్పటినుంచో తెలుసు. దానికి అంకె కట్టడానికి మాత్రం 1760ల దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ అంకె కట్టినవాడు జోసెఫ్ బ్లాక్. స్కాట్లాండులో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యం, రసాయనశాస్త్రం చెప్పే ఆచార్యుడు. ఆ కాలంలో అందరి నమ్మకం ఏమిటంటే, మంచు కరిగే స్థాయికి చేరాక ఇంకాస్త వేడి తగిలితే చాలు, మొత్తం నీరైపోతుందని. బ్లాక్‌కి అది నచ్చలేదు. ఆయన అడిగిన ప్రశ్న ఎంత సాదాగా ఉందో చూడండి. అదే నిజమైతే చలికాలంలో కొండల మీద పేరుకున్న మంచంతా ఎండ కాసిన మొదటి రోజే ఒక్కసారిగా నీరై ఊళ్లను ముంచెత్తాలి కదా? అలా జరగడం లేదు. ఎండలు వచ్చాక కూడా మంచు వారాల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతోంది. అంటే కరగడానికే విడిగా వేడి కావాలి.

దాన్ని కొలవడానికి ఆయన రెండు ఒకేరకం గాజు బుడ్లు తీసుకున్నాడు. ఒకదానిలో మంచుగడ్డ, రెండోదానిలో అంతే బరువున్న చల్లని నీరు. రెంటినీ ఒక పెద్ద గదిలో వేలాడదీశాడు. ఆయన వాడింది మన ఇళ్లలో జ్వరం చూసే ఫారెన్‌హీట్ డిగ్రీలే. గదిలో 47 డిగ్రీలు. మంచు 32 దగ్గర, నీరు 33 దగ్గర మొదలయ్యాయి. అరగంటలో నీరు 40 డిగ్రీలకు చేరింది, అంటే 7 డిగ్రీలు పెరిగింది. మంచు కరిగి, ఆ కరిగిన నీరు అదే 40కి చేరడానికి పదిన్నర గంటలు పట్టింది. పదిన్నర గంటలంటే 21 అరగంటలు. రెండు బుడ్లలోకీ గదిలోంచి వేడి దాదాపు ఒకే వేగంతో చేరుతుంది కాబట్టి, 21ని 7తో గుణిస్తే 147 డిగ్రీలకు సరిపడా వేడి మంచులోకి వెళ్లింది. థర్మామీటరులో కనిపించినది 32 నుంచి 40 దాకా, 8 డిగ్రీలే. తక్కిన 139 ఎక్కడికి పోయాయి? మంచుని నీరు చేయడానికి పోయాయి. ఇవాళ పరికరాలతో కొలిస్తే వచ్చేది 143 పైచిలుకు. రెండు గాజు బుడ్లు, ఒక గడియారం, ఒక థర్మామీటరుతో ఆయన అంత దగ్గరగా వచ్చాడు. ఈ ప్రయోగం క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది.

నీటిని ఆవిరి చేయడానికయ్యే వేడినీ 1762లో అలాగే కొలిచాడు. పొయ్యి మీద పెట్టిన నీరు 50 డిగ్రీల నుంచి మరిగే 212కి చేరడానికి 4 నిమిషాలు పట్టింది. ఆ తర్వాత గిన్నె ఎండిపోవడానికి మరో 20 నిమిషాలు. మొదటి 4 నిమిషాల్లో 162 డిగ్రీలు పెరిగిందంటే, తర్వాతి 20 నిమిషాల్లో దానికి ఐదు రెట్లు, అంటే 810 డిగ్రీలకు సరిపడా వేడి నీటిలోకి వెళ్లింది. ఆ 20 నిమిషాలూ థర్మామీటరు మాత్రం 212 దగ్గరే నిలబడి ఉంది. కనిపించకుండా దాగిన ఈ వేడికి ఆయన పెట్టిన పేరునే మనం గుప్తోష్ణం అంటున్నాం. అదే విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్‌కి, ఆవిరి మీద తాను చేసిన ప్రయోగాల్లో కనిపించిన వింతకు కారణం బ్లాక్ చెప్పిన ఈ మాటతోనే అర్థమైంది.

వేడి ఎక్కడ దాగింది? బ్లాక్ కాలంలో వేడిని ఒక రకం ద్రవం అనుకునేవారు. ఇప్పుడు మనకు తెలిసింది వేరు. మంచులో నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని వరుసలు కట్టి ఉంటాయి. ఆ పట్టు సడలించడానికి కొంత శక్తి కావాలి, అప్పుడు మంచు నీరవుతుంది. నీటిలోని అణువుల్ని పూర్తిగా విడదీసి గాలిలోకి పంపాలంటే ఇంకా చాలా ఎక్కువ కావాలి. ఆ సమయంలో అందిన వేడంతా పట్టు విడిపించడానికే పోతుంది. అణువుల వేగం పెరగదు కాబట్టి థర్మామీటరు కదలదు.

ఇక లెక్కకు వద్దాం. కిలో మంచుగడ్డ తీసుకుందాం, సున్నాకి 10 సెల్సియస్ డిగ్రీలు దిగువన ఉన్నది. దాన్ని 110 డిగ్రీల ఆవిరి చేయాలి. నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో సగంమంది మొదట చేసే తప్పు, మొత్తం 120 డిగ్రీల తేడాని తీసుకుని నీటి విశిష్టోష్ణంతో, అంటే కిలో నీరు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడితో, గుణించేయడం. అలా చేస్తే సుమారు 500 కిలోజౌళ్లు వస్తుంది. అసలు జవాబు దానికి ఆరు రెట్లు.

ఈ ప్రయాణంలో ఐదు మజిలీలు ఉన్నాయి. మొదటిది, మంచు మంచుగానే ఉంటూ సున్నాకి రావడం. మంచుకి విశిష్టోష్ణం 2.1, పది డిగ్రీలు, కాబట్టి 21 కిలోజౌళ్లు. రెండోది, సున్నా దగ్గరే ఉండి కరగడం. ఇక్కడ డిగ్రీల ప్రసక్తి లేదు. కిలోకి 334 కిలోజౌళ్లు, అంతే. మూడోది, నీరు సున్నా నుంచి నూరు దాకా వేడెక్కడం. నీటి విశిష్టోష్ణం 4.19, నూరు డిగ్రీలు, కాబట్టి 419. నాలుగోది, నూరు దగ్గరే ఉండి ఆవిరి కావడం. కిలోకి 2,260. ఐదోది, ఆవిరి ఇంకో పది డిగ్రీలు వేడెక్కడం, సుమారు 20. అన్నీ కూడితే 3,054 కిలోజౌళ్లు.

ఇందులో థర్మామీటరు కదిలిన మూడు మజిలీలకూ కలిపి ఖర్చయింది 460. థర్మామీటరు నిలిచిపోయిన రెండు చోట్లా అయింది 2,594. నూటికి 85 వంతులు సూది కదలని చోటే ఖర్చయ్యాయి.

కాబట్టి పరీక్ష రాసే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ముందు దారి గీసుకోండి. ఎక్కడ ఉష్ణోగ్రత మారుతోంది, ఎక్కడ స్థితి మారుతోంది గుర్తు పెట్టుకోండి. ఉష్ణోగ్రత మారే చోట ద్రవ్యరాశి, విశిష్టోష్ణం, డిగ్రీల తేడా మూడూ గుణించాలి. స్థితి మారే చోట ద్రవ్యరాశిని గుప్తోష్ణంతో గుణిస్తే చాలు. గ్రాములు, కిలోలు కలిపేయకండి.

ఇంకో చిన్న లెక్కలో పెద్దవాళ్లు కూడా తడబడతారు. ఒక గ్లాసు నిమ్మకాయ నీళ్లు, 250 గ్రాములు, 32 డిగ్రీల దగ్గర ఉన్నాయి. 5 డిగ్రీలకు చల్లార్చాలంటే ఎంత ఐసు వేయాలి? నీళ్లు వదులుకోవాల్సిన వేడి 250ని 4.19తో, 27తో గుణిస్తే సుమారు 28,300 జౌళ్లు. గ్రాము ఐసు కరగడానికి 334 జౌళ్లు తీసుకుంటుంది కదా అని భాగించేస్తాం. కానీ కరిగిన ఆ నీరు సున్నా దగ్గరే ఆగిపోదు. అది కూడా 5 డిగ్రీలకు రావాలి, దానికి గ్రాముకి ఇంకో 21 జౌళ్లు. కాబట్టి 355తో భాగించాలి. జవాబు 80 గ్రాములు, గ్లాసు బయటినుంచి వచ్చే వేడిని పక్కన పెడితే.

ఇప్పుడు మా తాత పెనం దగ్గరకు పోదాం. నూరు కిలోల చెరకు రసం పోశారనుకోండి. బెల్లం 18 కిలోల దాకా వస్తుంది. తక్కిన 82 కిలోల నీరూ ఇగిరిపోవాలి. రసాన్ని 30 డిగ్రీల నుంచి మరిగే స్థాయికి తేవడానికి సుమారు 26,000 కిలోజౌళ్లు చాలు. 82 కిలోల నీరు ఇగరడానికి మాత్రం 1,85,000 కావాలి. మొత్తంలో ఎనిమిదో వంతు మరగడానికి, తక్కిన ఏడు వంతులూ ఇగరడానికి. అరగంటలోపే పొంగు వచ్చి, ఆ తర్వాత రెండున్నర గంటలు ఎందుకు పట్టేదో తేలిపోయింది కదా. నిజానికి పెనంలో థర్మామీటరు పూర్తిగా నిలిచిపోదు. నీరు తగ్గి పాకం చిక్కబడేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత కొంచెం కొంచెంగా పెరుగుతుంది, దించే వేళకు 115 డిగ్రీలు దాటుతుంది. మా ఊళ్లో పాకం చూసే పెద్దాయన థర్మామీటరు ఎరగడు. చన్నీళ్లలో నాలుగు చుక్కలు వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి, "దించండి" అనేవాడు.

ఆ పాక కప్పు మీదుగా తెల్లటి ఆవిరి మేఘంలా లేచిపోయేది. చలికాలం ఉదయం అది ఎంత అందంగా ఉండేదో చెప్పలేను. కానీ ఆ అందం విలువ 1,85,000 కిలోజౌళ్లు. పొయ్యి నుంచి పెనంలోకి చేరిన వేడిలో ఏడు వంతులు ఆవిరితో పాటు ఆకాశంలో కలిసిపోయాయి. దాన్ని పట్టుకోలేమా? పట్టుకున్నాడొకాయన. నార్బర్ట్ రిల్యూ అని, 1806లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు. తల్లి వైపు నల్లజాతి మూలాలున్నవాడు. బానిసలు తెరిచిన పెనాల్లో చెరకు రసం కాస్తూ కాళ్లూ చేతులూ కాల్చుకునే నేల అది. ఆయన ఆలోచన ఇది. మొదటి పాత్రలో లేచిన ఆవిరిని వృథాగా వదలకుండా రెండో పాత్రను కాచడానికి పంపాలి. రెండో పాత్ర మూసి ఉంచి అందులో పీడనం తగ్గిస్తే అక్కడ రసం తక్కువ వేడికే మరుగుతుంది. దాని ఆవిరి మూడోదానికి. అలా ఒకసారి పెట్టిన వేడి మూడు నాలుగుసార్లు పనిచేస్తుంది. 1843లో పేటెంటు వచ్చింది. ఇవాళ చక్కెర మిల్లులన్నీ ఆ దారినే నడుస్తున్నాయి. రైతు గానుగ దగ్గరి తెరిచిన పెనానికి మాత్రం ఆ సౌకర్యం అందలేదు. అక్కడ పిప్పి చాలక కట్టెలు కొనాల్సి వచ్చిన రోజుల్లో మా తాత ముఖం నాకు ఇంకా గుర్తుంది.

ఆవిరి పట్టుకెళ్లిన వేడి పోయిందని కాదు, మళ్లీ నీరైన చోట అణాపైసలతో ఇచ్చేస్తుంది. ఇడ్లీ పాత్రలో జరిగేది అదే. ఆవిరి చల్లని పిండి మీద నీరై, గ్రాముకి 2,260 జౌళ్లు అక్కడ వదులుతుంది. అందుకే అది అంత తొందరగా ఉడుకుతుంది. మూత తీసేటప్పుడు చెయ్యి కాలితే మరుగునీటి కన్నా ఘోరంగా కాలేదీ అందుకే. నూరు డిగ్రీల నీరు ఒక గ్రాము ఒంటి మీద పడి ఒంటి వేడి దాకా చల్లారితే 264 జౌళ్లు ఇస్తుంది. నూరు డిగ్రీల ఆవిరి అదే గ్రాము పడితే 2,524. తొమ్మిదిన్నర రెట్లు. కుక్కరు మూత దగ్గర పిల్లల్ని నిలబడనివ్వకండి.

ఆకాశంలోనూ ఇదే లెక్క నడుస్తుంది. చదరపు కిలోమీటరు మేర ఒక్క సెంటీమీటరు వాన పడితే అది కోటి లీటర్ల నీరు. ఆ నీరు మబ్బుల్లో ఆవిరి నుంచి చినుకుగా మారేటప్పుడు వదిలిన వేడి సుమారు 68 లక్షల యూనిట్ల కరెంటుకి సమానం, మరిగే వేడి కన్నా చల్లగా ఉన్న చోట గుప్తోష్ణం 2,260 కన్నా కొంచెం ఎక్కువ కాబట్టి. శ్రీశైలంలో కుడి, ఎడమ గట్ల జలవిద్యుత్ కేంద్రాలు రెండూ, 1,670 మెగావాట్లు, పూర్తి స్థాయిలో నాలుగు గంటలు నడిస్తే అంత. ఒక్క చదరపు కిలోమీటరుకి, ఒక్క సెంటీమీటరుకి! బంగాళాఖాతంలో తుపానుకి బలం ఎక్కడిదో దీన్నిబట్టి ఊహించండి. వెచ్చని సముద్రం మీద లేచిన ఆవిరి పైన నీరవుతూ వేడి వదులుతుంది, ఆ వేడి గాలిని ఇంకా పైకి లాగుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను పొయ్యిలో మండిందీ ఈ గుప్తోష్ణమే. నేల మీదకు వచ్చాక ఆవిరి అందక అది చల్లబడుతుంది.

ఏసీ కొలతలోనూ ఈ గుప్తోష్ణమే ఉంది. దుకాణంలో 'టన్నున్నర ఏసీ' అంటాం. ఆ టన్ను యంత్రం బరువు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ఐసు టన్ను. 2,000 పౌన్ల ఐసు, అంటే 907 కిలోలు, ఒక్క రోజులో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో అంత వేడిని గదిలోంచి లాగే శక్తి. 907ని 334తో గుణించి 24 గంటల్లోని సెకన్లకు పంచి చూడండి, మూడున్నర కిలోవాట్లు వస్తుంది. యంత్రాలు రాకముందు చల్లదనం కావాలంటే నిజంగా ఐసే తేవాలి. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకి సరస్సుల మంచుని ఓడలో తెచ్చారు. సుమారు 180 టన్నులు ఎక్కిస్తే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత దాదాపు 100 టన్నులు మిగిలాయి. మద్రాసు సముద్రపు ఒడ్డున 1842లో కట్టిన ఐస్‌హౌస్ అలా వచ్చిన మంచు దాచడానికే. ఇప్పుడది వివేకానంద ఇల్లం. కిలోకి 334 కిలోజౌళ్లన్న అంకె చిన్నదై ఉంటే ఆ ఓడలో ముక్క మంచు కూడా మిగిలేది కాదు.

ఇంత చెప్పింది అసలు ఈ చివరి మాట కోసం. రోహిణి కార్తె ఎండల్లో మన ఒళ్లు చేసే లెక్క. మనిషి ఊరికే కూర్చున్నా గంటకు సుమారు 360 కిలోజౌళ్ల వేడి ఒంట్లో పుడుతుంది. 60 కిలోల మనిషి ఒళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి సుమారు 210 కిలోజౌళ్లు చాలు. అంటే వేడి బయటకు పోయే దారి మూసుకుంటే కూర్చున్న మనిషికే గంటలో డిగ్రీన్నర పైన పెరుగుతుంది. బరువులు మోసేవాళ్లకు, శ్లాబు పోసేవాళ్లకు అంతకు రెండు మూడు రెట్లు. బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు గాలి మన ఒంట్లోంచి వేడి తీసుకోదు, ఇంకా ఇస్తుంది. మిగిలిన దారి చెమట ఒక్కటే. ఒంటి వేడి దగ్గర ఒక కిలో చెమట ఇగిరితే ఒంటి నుంచి 2,400 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. కూర్చున్న మనిషి ఒంట్లో గంటకు పుట్టే వేడంతా పోవడానికి 150 గ్రాముల చెమట చాలు. చిన్న గ్లాసెడు. ప్రాణం నిలిపేది ఆ గ్లాసెడు నీళ్లు.

కానీ అది ఇగరాలి. ఇక్కడే మా తాత మాట మళ్లీ వస్తుంది. ధార కట్టి కారి నేలపాలైన చెమట చల్లదనం ఇవ్వదు. రామగుండంలో గాలి పొడిగా ఉంటుంది, చెమట పుట్టిన వెంటనే ఇగిరిపోతుంది. ఒళ్లు తడిగా లేదు కాబట్టి చెమటే పట్టలేదనుకుని నీళ్లు తాగడం మరిచిపోతాం, అక్కడి ప్రమాదం అది. మచిలీపట్నంలో, విశాఖలో గాలి అప్పటికే ఆవిరితో నిండి ఉంటుంది. థర్మామీటరు 36 చూపిస్తుంది, వార్తల్లో రామగుండం పేరే వినిపిస్తుంది. ఈ తీరంలో మాత్రం చొక్కా తడిసి ముద్దయినా ఇగిరేది తక్కువే. అంకె తక్కువ కదా అని మధ్యాహ్నం కూలీలను ఎండలో నిలబెట్టే మేస్త్రీలను నేను చూశాను. నాకు వాళ్లమీద కోపం వస్తుంది. తడి ఎంతో చూడకుండా డిగ్రీలొక్కటే చూస్తే, ఐదు మజిలీల లెక్కలో సూది కదిలిన చోట్లే కూడిన పిల్లవాడి తప్పే అది. ఆ పిల్లవాడికి పోయేది మార్కులు.

పక్కన పనిచేసే మనిషి తూలుతున్నా, తడబడి మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా 108కి ఫోన్ చేయండి. వాళ్లొచ్చేలోగా ఊరికే ఉండకండి. నీడకు చేర్చి, చొక్కా విప్పి, తువ్వాలు తడిపి ఒళ్లంతా తుడవండి. తుడిచి ఆగిపోవద్దు, విసరండి. విసనకర్ర, అట్టముక్క, ఏది దొరికితే అది. ఒంటి మీది తడి ఇగిరేదాకా విసిరి, మళ్లీ తడిపి, మళ్లీ విసరండి.